బండి బాగోగులు: ఫిఫ్త్ వీల్‌కు గ్రీజు ఎక్కడ, ఎంత, ఎప్పుడు?

ఈసారి ఉత్తరాలన్నీ ట్రైలర్ బళ్లవాళ్లవే. ఎర్రగుంట్ల సిమెంటు, తాడిపత్రి గ్రానైటు, బేతంచెర్ల నాపరాయి, మంగంపేట ముగ్గురాయి... లోడు ఏదైనా బాధ ఒక్కచోటే ఉంది, ఫిఫ్త్ వీల్ దగ్గర. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: ట్రైలర్‌ను లాగే ఇంజను బండే హార్స్. దాని వెనకాల చాసిస్ మీద బిగించిన బరువైన పళ్లెమే ఫిఫ్త్ వీల్. ట్రైలర్ ముందు భాగం కింద ఉండే కింగ్ పిన్ దీని గాడిలోకి వచ్చి దవడల మధ్య లాక్ అవుతుంది. ట్రైలర్ ముందు బరువంతా ఈ పళ్లెం మీదే కూర్చుంటుంది, మలుపు తిరిగినప్పుడల్లా దాని మీదే రుద్దుకుంటుంది.

ప్రశ్న: మాది క్లింకర్ (సిమెంటుగా పొడి చేసే గడ్డలు) లోడు. పదిహేను రోజులకోసారి గ్రీజు పూస్తానే ఉన్నాం, శానా పూస్తాం. అయినా ఫ్యాక్టరీ గేటు దగ్గర తిరిగేటప్పుడు కీచుమంటాది, స్టీరింగు బరువుగా ఉంటాది. ఇంకా ఎక్కువ పూయాల్నా?
— ఒక డ్రైవరు, ఎర్రగుంట్ల

జవాబు: ఎక్కువ పూయడం కాదు, ముందు ఉన్నదాన్ని తీయాలి. మీరు చెప్పినదాన్ని బట్టి పాత గ్రీజు మీదే కొత్తది పూస్తున్నారు. క్లింకర్ దుమ్ము, సున్నపురాయి పొడి కలిసిన గ్రీజు నునుపు ఇవ్వదు, గరుకు కాగితంలా ఇనుమును గీకుతుంది. పైన ఎంత మంచి గ్రీజు వేసినా అడుగున ఉన్న ఆ పేస్టు పళ్లేన్ని తింటూనే ఉంటుంది. తడి తగిలితే సిమెంటు పొడి పళ్లెం మీది గ్రీజు గాడుల్లో గట్టి పెచ్చు కడుతుంది. అప్పుడు కొత్త గ్రీజు లోపలికి దిగే దారే ఉండదు, బరువు పడగానే అంచుల నుంచి బయటికి వచ్చేస్తుంది. మీరు పూసినదంతా చాసిస్ మీదా వెనక టైర్ల మీదా కనిపిస్తోందంటే కారణం ఇదే.

ఒకసారి పూర్తిగా కడిగి మొదలుపెట్టండి. చదునైన గట్టి నేల మీద హార్స్, ట్రైలర్ ఒకే వరుసలో ఉండేలా ఆపండి. ట్రైలర్ బ్రేకు వేసి చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టండి. ల్యాండింగ్ లెగ్స్ (హార్స్ లేనప్పుడు ట్రైలర్ ముందు భాగాన్ని మోసే కాళ్లు) కింద మట్టి నేలయితే మందపాటి పలకలు వేసి కాళ్లు దించండి. గాలి పైపులు, కరెంటు కేబులు తీశాక లాక్ హ్యాండిల్ లాగి హార్స్‌ను నెమ్మదిగా ముందుకు నడపండి. పిన్ బయటికి వచ్చి పళ్లెం ఇంకా ట్రైలర్ కింద ఉండగానే ఒకసారి ఆపి, దిగి, కాళ్లు బరువు మోస్తున్నాయో లేదో చూసుకోండి. నేలలోకి దిగబడుతుంటే అప్పుడే తెలుస్తుంది. తర్వాతే పూర్తిగా బయటికి తేవాలి. ఇంజను ఆపి తాళం మీ జేబులో వేసుకోండి.

పాత గ్రీజును చెక్క పలకతోనో, పుట్టీ పట్టే రేకుతోనో గీకి పాత డబ్బాలో వేయండి, నేల మీద పారేయొద్దు. పళ్లెం మీది గ్రీజు గాడులను స్క్రూడ్రైవరు మొనతో అడుగుదాకా తీయండి. చాలామంది పైన తుడిచి గాడులు వదిలేస్తారు. అసలు పని గాడుల్లోనే ఉంది, బరువు కింద గ్రీజు నిలిచేది అక్కడే. తర్వాత దవడల లోపలి ముఖం, వాటి వెనక అవి తెరుచుకోకుండా అడ్డుపడే లాక్ బారు, కింగ్ పిన్ మెడ (దవడలు పట్టే సన్నటి భాగం), ట్రైలర్ కింది ప్లేటు తుడవాలి. గుడ్డకు కాస్త డీజిల్ తడిపి తుడిస్తే చాలు. బ్రేకు పైపుల మీదా రబ్బరు బుష్‌ల మీదా డీజిల్ పడనివ్వొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. చివర్లో పొడిగుడ్డ. దవడలు తెరిచి ఉన్నప్పుడు స్ప్రింగు బలంతో ఉంటాయి, పొరపాటున తగిలితే మూసుకుంటాయి. లోపలికి వేళ్లు పెట్టొద్దు, కర్రకు గుడ్డ చుట్టి తుడవండి.

ఇనుము బయటపడినప్పుడు పళ్లేన్ని ఒక నిమిషం చూడండి. అన్నివైపులా ఒకేలా మెరుస్తుంటే బాగున్నట్టు. వెనక అంచు దగ్గర మాత్రమే లోతుగా గీతలుంటే, హార్స్ వెనక్కి వచ్చి ట్రైలర్ కిందకు దూరేటప్పుడు రెండింటి ఎత్తు కుదరడం లేదని అర్థం.

ఇక పూయడం. గాడులు నిండాలి, మిగతా పళ్లెం మీద రెండు మిల్లీమీటర్ల పొర చాలు. దవడల లోపలి ముఖానికీ, లాక్ బారుకూ, కింగ్ పిన్ మెడకూ పల్చగా పట్టించండి. పళ్లెం ముందుకూ వెనక్కూ ఊగే పీఠాల దగ్గర గ్రీజు ఎక్కించే నిప్పల్ ఉంటే, ట్రైలర్ బరువు లేని ఈ సమయంలోనే గ్రీజు గన్ను పెట్టి, అంచు నుంచి కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. బరువు మీద ఉండగా కొడితే పీఠం పిన్నుకు పైవైపు గ్రీజు పోదు, అరిగేది అక్కడే. కొన్ని రకాల్లో పీఠంలో రబ్బరు బుష్ ఉంటుంది, నిప్పల్ ఉండదు. అక్కడ గ్రీజు పని లేదు.

ట్రైలర్ తగిలించాక యార్డులోనే ఎడమకూ కుడికూ నెమ్మదిగా తిరగండి, గ్రీజు పరుచుకుంటుంది. మొదటి ట్రిప్పు తర్వాత అంచుల్లో పొంగింది తుడిచేయండి, దుమ్ము ముందు అంటేది దానికే.

ఎన్నాళ్లకోసారి? హైవే మీద తిరిగే బండికి నెలకోసారి లేదా 10,000 కిలోమీటర్లకోసారి, ఏది ముందొస్తే అది. మీలాగా గని, ఫ్యాక్టరీ, రైల్వే సైడింగు మధ్య తిరిగే బండికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. తక్కువ దూరంలోనే హైవే బండి కంటే ఎక్కువ మలుపులు తిరుగుతుంది, పైగా ఎప్పుడూ దుమ్ములోనే. పది రోజులకోసారి తుడిచి పూయండి. అలా చేసినా కీచుమంటే, స్టీరింగు బరువు తగ్గకపోతే, అప్పుడు పళ్లెం అరుగుదల గురించీ ముందు యాక్సిల్ గురించీ ఆలోచించాలి. ముందు టైర్ల అంచులు చూశారా? పొడిబారిన ఫిఫ్త్ వీల్ మలుపులో హార్స్‌ను తిరగనివ్వదు, తిన్నగా తోస్తుంది. ఆ భారం ముందు టైర్ల మీద పడి అంచులు తినేస్తాయి. టైరు ధర ముందు గ్రీజు డబ్బా ధర ఎంత?

ప్రశ్న: అంగట్లో అడిగితే ఒకరు ఏపీ-3 ఇస్తున్నారు, ఒకరు నల్ల గ్రాఫైట్ గ్రీజు అంటున్నారు, ఇంకొకరు మాలీ అంటున్నారు. ఎండాకాలంలో మా దగ్గర గ్రీజు కరిగి కారిపోతుందని, గట్టిదే వేయమని మేస్త్రీ అంటున్నాడు. ఏది కొనాలి?
— ట్రైలర్ యజమాని, తాడిపత్రి

జవాబు: లిథియం ఆధారిత ఈపీ-2 గ్రీజు, మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపింది కొనండి. అంగడివాళ్లు మాలీ గ్రీజు అనేది దీన్నే. 'ఈపీ' అంటే విపరీతమైన ఒత్తిడికి తట్టుకునే మందు కలిపిందని. ఫిఫ్త్ వీల్ మీద టన్నుల బరువు నెమ్మదిగా జరుగుతుంటుంది, వేగం లేదు. అలాంటిచోట మామూలు గ్రీజు పొర నలిగి పక్కకు పోతుంది. మాలీ రేణువులు మాత్రం ఇనుముకు అంటుకుని ఉంటాయి.

2, 3 అనే అంకెలు గట్టిదనానికి గుర్తులు. ఏపీ-3 చక్రాల బేరింగుల కోసం చేసిన గట్టి గ్రీజు, పళ్లెం మీద సరిగ్గా పరుచుకోదు, సన్నటి గాడుల్లోకీ నిప్పల్‌లోకీ వెళ్లడానికి మొరాయిస్తుంది. వేడి గురించి మీ మేస్త్రీ భయం అనవసరం. లిథియం గ్రీజు కరిగి కారే వేడి 180 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అనంతపురం ఎండ 43 డిగ్రీలైనా, ఆ ఎండలో కాలిన పళ్లెం అంతకంటే ఎంతో వేడెక్కినా, దానికి చాలా దూరం. మీ పళ్లెం నుంచి కారుతున్నదంటే ఎక్కువ పూశారు, లేదా రెండు రకాలు కలిపారు.

ఆ కలపడమే అసలు చిక్కు. లిథియం మీద క్యాల్షియం రకమో, బంకమట్టి ఆధారంగా చేసిన రకమో పూస్తే కొన్నిసార్లు రెండూ కలిసి నీళ్లలా పల్చబడతాయి. రకం మార్చదలిస్తే పాతదంతా తుడిచాకే మార్చండి. గ్రాఫైట్ గ్రీజు కమాన్ పట్టీలకు బాగుంటుంది. ఇంకేమీ దొరకనప్పుడు పళ్లేనికి కూడా వాడొచ్చు, దవడలకు మాత్రం వద్దు. వాడేసిన ఇంజను ఆయిలు పూసే అలవాటు మానుకోండి, అది నిలవదు, దుమ్మును మాత్రం పిలుస్తుంది.

ప్రశ్న: హైదరాబాదు–బెంగళూరు రోడ్డు మీద నడుపుతాను. బ్రేకు కొట్టినా, సిగ్నల్ దగ్గర కదిలినా వెనక నుంచి 'ధడ్' మని గుద్దుతుంది. మేస్త్రీ ఫిఫ్త్ వీల్ స్క్రూ బిగిస్తే పోతుందంటున్నాడు. బిగించమంటారా?
— ఒక డ్రైవరు, కర్నూలు

జవాబు: కొలవకుండా బిగించొద్దు. ఆ గుద్దు నాలుగు చోట్ల నుంచి రావచ్చు: కింగ్ పిన్ అరగడం, దవడలు అరగడం, పీఠం బుష్‌లు పోవడం, ఫిఫ్త్ వీల్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు వదులవడం. ఆ స్క్రూ దవడలను దగ్గరకు జరుపుతుంది, అది బిగిస్తే రెండోదే సరిపోతుంది, మిగతావి అలాగే ఉంటాయి.

ముందు ఎక్కడ కదులుతోందో చూడండి. ట్రైలర్ బ్రేకు మాత్రం వేసి, హార్స్‌ను అతి నెమ్మదిగా ముందుకూ వెనక్కూ జానెడు కదిలించండి. ఇంకొకరు పక్క నుంచి, దూరంగా నిలబడి టార్చి వేసి చూడాలి, బండి కింద దూరకూడదు. పళ్లెం చాసిస్‌తో పాటే కదిలి ట్రైలర్ ఆగే ఉంటే ఆట (వదులు) పిన్, దవడల మధ్య ఉంది. చాసిస్ కదిలినా పళ్లెం ట్రైలర్‌తో పాటే ఆగి ఉంటే పీఠాలో బోల్టులో. బోల్టు తల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి, పెయింటులో సన్నటి చీలిక కనబడితే ఆ బోల్టు కదులుతున్నట్టే. తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచితోనే బిగించాలి. ఒక్కటి తెగి ఉంటే ఆ పక్కవాటిని కూడా మార్చండి, ఇన్నాళ్లూ దాని భారం అవే మోశాయి.

పిన్ దగ్గరైతే సన్నటి కొలతలు తీసే వెర్నియరు తీయండి. మన బళ్లకు ఎక్కువగా ఉండేది రెండంగుళాల పిన్. దవడలు పట్టే మెడ దగ్గర కొత్త పిన్ 50.8 మిల్లీమీటర్లు, 49కి వస్తే పిన్ మార్చాలి. దాని పైన, ట్రైలర్ ప్లేటు పక్కనుండే వెడల్పాటి భాగం కొత్తదానికి 73, 71కి వస్తే మార్చాలి. పిన్ గుండ్రంగా అరగదు. లాగేటప్పుడు ఒక ముఖం, బ్రేకు వేసినప్పుడు ఎదురు ముఖం తింటాయి. అందుకే బండి నిలువుగానూ అడ్డంగానూ రెండు కొలతలు తీసి, చిన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. గాలిమరల భాగాలు మోసే పెద్ద ట్రైలర్లలో మూడున్నర అంగుళాల పిన్ ఉంటే మెడ కొత్తదానికి 89, 86కి వస్తే మార్చాలి.

పిన్ కొలత సరిగ్గా ఉండి, ఆట దవడల్లోనే ఉంటే అప్పుడు స్క్రూ. ఒక హార్స్‌కు నాలుగు ట్రైలర్లు మార్చి తగిలించే కంపెనీల్లో మేస్త్రీలు ఇక్కడే తప్పు చేస్తారు. ఆ రోజు తగిలి ఉన్న అరిగిన పిన్‌కు సరిపోయేలా బిగిస్తారు. మర్నాడు మంచి పిన్ ఉన్న ట్రైలర్ వస్తే దవడలు పూర్తిగా మూసుకోవు, హ్యాండిల్ సగంలో ఆగుతుంది. పిన్ పట్టేసి మలుపుల్లో స్టీరింగు కూడా బిగుసుకుంటుంది. కొత్త పిన్‌తోనో, దాని కొలతతో చేసిన గేజుతోనో సర్దుబాటు చేయించండి. స్క్రూ చివరిదాకా వచ్చేసినా ఆట పోకపోతే దవడలు, అరుగుదల రింగు మార్చే కాలం వచ్చింది.

ప్రశ్న: తగిలించినప్పుడు 'టక్' మని శబ్దం వచ్చింది, కాళ్లెత్తి బయలుదేరాం. యార్డు దాటకముందే ట్రైలర్ జారి ముందుకు కూలింది. లాక్ పడిన శబ్దం విన్నాక కూడా ఇలా ఎందుకు జరుగుతుంది?
— రవాణా ఆఫీసు గుమాస్తా, నంద్యాల

జవాబు: శబ్దం సాక్ష్యం కాదు. దవడలు మూసుకున్నాయని మాత్రమే అది చెబుతుంది, దేని మీద మూసుకున్నాయో చెప్పదు. ట్రైలర్ ముందు భాగం ఎత్తుగా ఉంటే పిన్ గాడిలోకి పూర్తిగా దిగదు. దవడలు మెడ మీద కాకుండా కింది వెడల్పు భాగం మీద ఆగుతాయి, లేదంటే పిన్ కిందే మూసుకుంటాయి. బండి లాగగానే పట్టు జారుతుంది.

తగిలించే ముందు ట్రైలర్ కింది ప్లేటు ఫిఫ్త్ వీల్ పళ్లెం కంటే 50 మిల్లీమీటర్ల దాకా కిందకు ఉండాలి. అప్పుడే హార్స్ దూరుతూ ట్రైలర్‌ను కొద్దిగా ఎత్తుకుంటుంది, పిన్ గాడి అడుగున కూర్చుంటుంది. ఖాళీ ట్రైలర్ల కాళ్లు ఎత్తుగా వదిలేసే అలవాటు ఉన్న యార్డుల్లోనే ఈ ప్రమాదాలు ఎక్కువ.

రెండో కారణం గ్రీజే. దవడల వెనక పాత గ్రీజు, సిమెంటు కలిసి గట్టిపడిన ముద్ద ఉంటే లాక్ బారు చివరిదాకా రాదు. 'బాగా పూశాం' అని సంతోషపడే బళ్లలో ఇది చూస్తాం. పైకి నల్లగా, నిండుగా కనిపిస్తుంది, లోపల ఏముందో ఎవరికీ కనపడదు.

తగిలించాక టార్చి పట్టుకుని దిగండి. పళ్లేనికీ ట్రైలర్ ప్లేటుకూ మధ్య వెలుతురు కనబడకూడదు. వెనక నుంచి గాడిలోకి చూస్తే దవడ పిన్ మెడను చుట్టి ఉండాలి. హ్యాండిల్ పూర్తిగా లోపలికి వెళ్లి, సేఫ్టీ కొక్కెం దాని రంధ్రంలో పడాలి. కొక్కెం పడలేదంటే లాక్ పడలేదనే అర్థం, తాడుతో కట్టి నడపడం కుదరదు. గాలి పైపులు బిగించి, ట్రైలర్ బ్రేకు వేసి, మొదటి గేరులో నెమ్మదిగా ముందుకు లాగి చూడండి. కాళ్లు ఇంకా నేల మీదే ఉండాలి. ట్రైలర్ హార్స్‌ను ఆపి పట్టుకుంటేనే కాళ్లెత్తండి.

ప్రశ్న: హ్యాండిల్ లాగితే రావడంల్యా. పైపు తొడిగి ఇద్దరం లాగుతాండాం, సుత్తితో కూడా కొడతాండాం.
— క్లీనరు, అనంతపురం

జవాబు: సుత్తి పక్కన పెట్టు తమ్ముడూ. బండి వాలులో ఆగి ఉంటే, లేదా హార్స్ ముందుకు లాగుతూ ఆగిపోతే, పిన్ దవడను గట్టిగా అదిమి పట్టుకుంటుంది. ట్రైలర్ బ్రేకు వేసే ఉంచి, డ్రైవరన్నను హార్స్ ఒక అంగుళం వెనక్కి నెట్టి హార్స్ బ్రేకు పట్టి ఉంచమను. అప్పుడు లాగితే వస్తుంది. అప్పటికీ రాకపోతే హ్యాండిల్ కడ్డీ దూరి వెళ్లే చోట తుప్పు పట్టి ఉంటుంది. అక్కడ గ్రీజు కాదు, పల్చటి నూనె చుక్కలు వేయాలి. ఆ కీలుకు దుమ్ము పట్టిన గ్రీజే సగం శత్రువు. కొట్టి కొట్టి కడ్డీ వంగితే, తర్వాత లాక్ పడ్డట్టు కనిపించి పడకపోవచ్చు. వంగిన కడ్డీని మార్చాల్సిందే.

ప్రశ్న: కింగ్ పిన్‌కు తొడిగే ప్లాస్టిక్ బిళ్ల వేస్తే ఇక గ్రీజు అక్కర్లేదంటున్నారు, నిజమేనా?
— ప్రొద్దుటూరు

జవాబు: సగం నిజం. పళ్లేనికీ ట్రైలర్ ప్లేటుకూ మధ్య రాపిడి బిళ్ల చూసుకుంటుంది. దవడలకూ పిన్‌కూ గ్రీజు మామూలుగానే కావాలి. బిళ్ల మందం ఎంతైతే అంత మేర పిన్ పైకి లేస్తుంది. అరిగిన పిన్, మందపాటి బిళ్ల కలిస్తే పైన నంద్యాల ఉత్తరంలో చెప్పిన ప్రమాదమే. మీ ఫిఫ్త్ వీల్ తయారీదారు ఒప్పుకున్న మందం మాత్రమే వాడండి. ప్లాస్టిక్ పూత బిగించి వచ్చే ఫిఫ్త్ వీల్ రకాల సంగతి వేరు, వాటి పై ముఖానికి గ్రీజు పూయనక్కర్లేదు, దవడలకు తప్పదు.

ప్రశ్న: పళ్లెం కింద చిన్న పగులు. వెల్డింగు పెట్టిస్తే సరిపోదా?
— కడప

జవాబు: సరిపోదు. పోతపోసిన పళ్లేనికి పగులు పక్కనే వెల్డింగు వేడి తగిలితే ఆ చోటు పెళుసవుతుంది, కొత్త పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. కింగ్ పిన్‌కు కూడా వెల్డింగు, గ్యాసు కటింగు మంట తగలకూడదు. అది వేడి చికిత్సతో గట్టిపరిచిన ఉక్కు. రెండింటికీ మార్చడమే మందు. పగులు కనిపించిన బండికి లోడు వేయొద్దు.

ప్రశ్న: వానాకాలంలో ఒక ట్రైలర్ రెండు నెలలు షెడ్డు బయట నిలబెడతాం. ఏం జాగ్రత్త తీసుకోవాలి?
— బేతంచెర్ల

జవాబు: నిలబెట్టే ముందు పిన్, కింది ప్లేటు తుడిచి పల్చగా గ్రీజు పూసి, పిన్‌కు మందపాటి ప్లాస్టిక్ సంచి చుట్టి తాడు కట్టండి. ప్రెషర్ నీళ్లతో ఆ భాగాన్ని కడగొద్దు, గ్రీజు కొట్టుకుపోయి నీళ్లు బోల్టుల సందుల్లోకి దిగుతాయి. కాళ్ల గేరుపెట్టెకు కూడా నిప్పల్ ఉంటుంది, ట్రైలర్ నిలబడ్డ రోజుల్లో బరువు మోసేది అవే కాబట్టి దాన్ని మరవొద్దు. తిరిగి తీసేటప్పుడు సంచి విప్పి, నిలవ ఉన్న ఆ గ్రీజును పూర్తిగా తుడిచి కొత్తది పూశాకే హార్స్ తగిలించండి.